ఓ2 సెన్సార్ రీడింగ్ చూసి ఇంజిన్ మిక్చర్ ఎలా ఉందో తేల్చుకోవడం ఎలా?

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే ఓ2 సెన్సార్ దగ్గర 0.12 వోల్టులు కనిపించింది. "లీన్ కొడుతోందండీ, సెన్సార్ పోయింది, మార్చేద్దాం" అంటాడు మెకానిక్. మార్చారు, డబ్బులిచ్చారు, నాలుగు రోజులకి లైటు మళ్లీ వెలిగింది. థర్మామీటర్ మార్చినంత మాత్రాన జ్వరం తగ్గదు కదా! పాత సెన్సార్ బహుశా నిజమే చెప్పింది. దాన్ని చదివిన పద్ధతిలోనే లోపం ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. ఓ2 సెన్సార్ పెట్రోలును కొలవదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలినీ కొలవదు. మండిపోయాక బయటికొచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది, అంతే. మామూలు సెన్సార్ అయితే అది కూడా సరిగ్గా చెప్పదు, "ఎక్కువుంది" లేదా "లేదు" అని రెండే మాటలు చెబుతుంది. కాబట్టి వోల్టేజ్ ఒక్కటే చూసి మిక్చర్, అంటే పెట్రోలుకి గాలి నిష్పత్తి, 13.8 ఉందనో 15.2 ఉందనో చెప్పడం కుదరదు. ఆ అంకె కావాలంటే సెన్సార్ మాట విని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఏం చేస్తోందో కూడా చూడాలి. అసలు కథ అక్కడే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు, సీఎన్‌జీ బండ్ల గురించి. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అదనపు గాలితోనే నడుస్తుంది, దానికి ఈ లెక్కలు పనికిరావు.

ముందు అంకెలు

ఒక కిలో స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అదే 14.7:1 నిష్పత్తి. గాలి అంతకంటే ఎక్కువైతే లీన్, తక్కువైతే రిచ్.

ఈ 14.7 అన్ని ఇంధనాలకీ ఒకటి కాదు. ఇథనాల్‌కి 9 చాలు. సీఎన్‌జీకి సుమారు 17.2 కావాలి. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి 14.1 దగ్గర, ఇరవై శాతం కలిపిన ఈ20కి 13.5 దగ్గర వస్తుంది. ప్రతి ఇంధనానికీ వేరే అంకె గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ల్యాంబ్డా అనే లెక్క వాడతారు. ఉన్న నిష్పత్తిని కావాల్సిన నిష్పత్తితో భాగిస్తే వచ్చేదే ల్యాంబ్డా. 1 అంటే సమానం, 1.05 అంటే గాలి 5 శాతం ఎక్కువ, 0.90 అంటే గాలి 10 శాతం తక్కువ. బంకులో ఏం పోస్తున్నారన్న గొడవ లేకుండా ఇది పనిచేస్తుంది. అందుకే నా సలహా ఏమిటంటే, 14.7 పట్టుకుని కూర్చోకుండా ల్యాంబ్డాలో ఆలోచించడం అలవాటు చేసుకోండి. సెన్సార్‌కి తెలిసిన భాష కూడా అదే.

మొదటి అడుగు: మీ బండిలో ఏ సెన్సార్ ఉందో తెలుసుకోండి

రెండు రకాలు ఉంటాయి. పాతకాలం నుంచి వస్తున్నది న్యారోబ్యాండ్. బాష్ కంపెనీ 1976లో దీని తయారీ మొదలుపెట్టింది, ముందుగా వోల్వో కార్లలోకి వెళ్లింది. లోపల జిర్కోనియా పింగాణీ ముక్క ఉంటుంది. దానికి ఒకవైపు బయటి గాలి, ఇంకోవైపు పొగ తగులుతాయి. రెండువైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే చిన్న వోల్టేజ్ పుడుతుంది. తేడా ఎక్కువుంటే, అంటే పొగలో ఆక్సిజన్ లేకపోతే, 0.9 వోల్టుల దాకా వస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1 దగ్గరికి పడిపోతుంది. ల్యాంబ్డా 1 దగ్గర ఇది దాదాపు స్విచ్ వేసినట్టే అటునుంచి ఇటు మారిపోతుంది.

రెండోది వైడ్‌బ్యాండ్. ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్ అని కూడా అంటారు. ఇది నిజంగానే ల్యాంబ్డా అంకె ఇస్తుంది. కొత్త కార్లలో, ముఖ్యంగా టర్బో పెట్రోలు ఇంజిన్లలో, ముందు సెన్సార్‌గా ఇదే ఎక్కువ కనిపిస్తుంది.

తేడా కనిపెట్టడానికి స్కానర్ యాప్‌లో ముందు సెన్సార్, అంటే బ్యాంక్ 1 సెన్సార్ 1, ఏ రూపంలో వస్తోందో చూడండి. వోల్టేజ్ 0.1కీ 0.9కీ మధ్య గంతులేస్తుంటే న్యారోబ్యాండ్. ల్యాంబ్డా లేదా ఈక్వివలెన్స్ రేషియో అని 1.00 చుట్టూ కదులుతూ, పక్కన మిల్లీయాంపుల్లో కరెంటు కూడా చూపిస్తే వైడ్‌బ్యాండ్. వైర్లు లెక్కపెట్టి చెప్పేద్దామనుకోకండి. వైడ్‌బ్యాండ్‌కి ఐదు ఉంటాయన్నది నిజమే కానీ, నాలుగే వైర్లతో వచ్చే ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్లు కూడా ఉన్నాయి.

రెండో అడుగు: సామాను

కారు కంప్యూటర్ నుంచి అంకెలు ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ ఒకటి ఉంటే చాలు. పదహారు పిన్నుల సాకెట్ స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉంటుంది. బీఎస్6 బైకుల్లో చాలావాటికి ఆరు పిన్నుల కనెక్టర్ వస్తుంది కాబట్టి మధ్యలో అడాప్టర్ కేబుల్ కొనాలి.

చవక అడాప్టర్లతో వచ్చే చిక్కు ఇక్కడే చెప్పాలి. అవి ఒక్కో అంకెనీ విడివిడిగా అడిగి తెచ్చుకుంటాయి. తెర మీద పన్నెండు మీటర్లు పెట్టుకుంటే ఒక్కో మీటర్ సెకనుకి ఒకసారి కూడా మారదు. అప్పుడు చురుగ్గా పనిచేస్తున్న సెన్సార్ కూడా మొద్దుగా కనిపిస్తుంది. కాబట్టి సెన్సార్ కదలిక చూసేటప్పుడు వోల్టేజ్, ఆర్‌పీఎం ఈ రెండే పెట్టండి. మిగతావి తీసేయండి. ట్రిమ్ (ఈసీయూ చేసే దిద్దుబాటు, ఐదో అడుగులో వస్తుంది) చూసేటప్పుడు మళ్లీ వేరే పేజీ.

నేరుగా వైరు మీద కొలవాలంటే 10 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న డిజిటల్ మల్టీమీటర్ వాడండి. ముల్లు మీటర్, టెస్ట్ ల్యాంప్ ఆ వైరు దగ్గరికి తీసుకురావద్దు. సెన్సార్ పుట్టించేది ఒక వోల్టు కూడా కాదు, కరెంటు లాగితే రీడింగ్ కూలిపోతుంది. బాష్ తరహా నాలుగు వైర్ల సెన్సార్లలో రెండు తెల్లవి హీటర్‌కి, నల్లది సిగ్నల్, బూడిదరంగుది సిగ్నల్ గ్రౌండ్. వేరే కంపెనీల రంగులు వేరు కాబట్టి మీ బండి వైరింగ్ బొమ్మ చూసుకోండి. సిగ్నల్ వైరు మీద ఓమ్స్ మోడ్ అసలు పెట్టకూడదు. హీటర్ వైర్ల మధ్య మాత్రం ఓమ్స్ చూడొచ్చు; చల్లగా ఉన్నప్పుడు సెన్సార్‌ని బట్టి కొన్ని ఓమ్‌లు చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే హీటర్ కాలిపోయినట్టే.

బండి ఆరుబయట పెట్టండి. షట్టర్ వేసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం మీదకొస్తుంది.

మూడో అడుగు: వేడెక్కనివ్వండి

పింగాణీ ముక్క 300 డిగ్రీలు దాటితే గాని నిద్ర లేవదు. అందుకే లోపల హీటర్ పెట్టారు. స్టార్ట్ చేసిన మొదటి కాసేపు ఈసీయూ సెన్సార్ మాట వినదు, తన దగ్గరున్న పట్టిక ప్రకారం పెట్రోలు కొడుతుంది. దీన్ని ఓపెన్ లూప్ అంటారు. సెన్సార్ వేడెక్కాక దాని మాట విని దిద్దుకోవడం మొదలుపెడితే అది క్లోజ్డ్ లూప్. యాప్‌లో ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్ అనే అంశం ఉంటుంది, అక్కడ క్లోజ్డ్ లూప్ అని వచ్చాకే పని మొదలుపెట్టండి. కూలెంట్ 80 డిగ్రీలు దాటేలా పదీ పదిహేను నిమిషాలు బండి తిప్పి రావడం మంచిది. ఇంట్లో నిలబెట్టి ఐడ్లింగ్‌లో వేడి చేస్తే సెన్సార్ సరిగ్గా వేడెక్కకపోవచ్చు. ఒక్క వైరుతో, హీటర్ లేకుండా వచ్చే పాత సెన్సార్లకైతే ఇది మరీ ముఖ్యం.

వేడెక్కినా క్లోజ్డ్ లూప్ రాలేదంటే హీటరో, వైరింగో, కూలెంట్ సెన్సారో చూసుకోవాలి. థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయి ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కని బండ్లలో కూడా ఇదే జరుగుతుంది, మైలేజీ సగానికి పడిపోయిందని గోలపెడతారు.

నాలుగో అడుగు: వోల్టేజ్ చదవడం

ఎక్సలేటర్ కాస్త తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకోండి. బాగున్న న్యారోబ్యాండ్ సెన్సార్ 0.1–0.2కీ 0.8–0.9కీ మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి, సెకనుకి దాదాపు ఒకసారి. ఇది లోపం కాదు, ఉండాల్సిన తీరే ఇది. సెన్సార్ "రిచ్" అనగానే ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, "లీన్" అనగానే పెంచుతుంది. ఈ తగువు వల్లే సగటున ల్యాంబ్డా 1 దగ్గర నిలబడుతుంది.

0.45 వోల్టులు కనిపిస్తే మిక్చర్ కరెక్టుగా ఉందని చాలామంది సంబరపడతారు. 0.45 అనేది దాటిపోయే గీత మాత్రమే, అక్కడ ఎవరూ ఆగరు. రీడింగ్ కదలకుండా 0.45 దగ్గరే ఉంటే అనుమానించాల్సిందే. చాలా ఈసీయూలు సెన్సార్ వైరు మీద తామే ఆ వోల్టేజ్ పెట్టి ఉంచుతాయి. సెన్సార్ వేడెక్కలేదన్నా, వైరు తెగిందన్నా మీకు కనిపించేది ఈసీయూ సొంత వోల్టేజే.

ఎప్పుడూ 0.1 దగ్గరే ఉంటే పొగలో ఆక్సిజన్ మిగులుతోంది. ఎప్పుడూ 0.85 పైనే ఉంటే ఆక్సిజన్ లేదు. ఇంతకంటే ముందుకెళ్లి "0.82 అంటే 13.9, 0.88 అంటే 13.1" అని ఇంటర్నెట్‌లో పట్టికలు ఇస్తుంటారు, వాటిని నమ్మొద్దు. ఆ పైభాగంలో వోల్టేజ్ మిక్చర్‌తో కంటే సెన్సార్ వేడితో ఎక్కువ మారుతుంది. ఒకే మిక్చర్‌కి రెండు వేర్వేరు రీడింగులు వస్తాయి.

రెండు సందర్భాల్లో మాత్రం ఒకవైపే నిలబడిపోవడం మామూలే. ఫుల్ ఎక్సలేటర్ తొక్కితే ఈసీయూ కావాలనే రిచ్ చేస్తుంది, చాలా ఇంజిన్లలో ల్యాంబ్డా 0.85–0.90 దాకా, అప్పుడు వోల్టేజ్ పైనే ఉండాలి. గేర్‌లో వెళ్తూ ఎక్సలేటర్ వదిలేస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు దాదాపు సున్నాకి పడాలి.

ఆ రెండో సంగతే మంచి పరీక్ష కూడా. నిలబెట్టిన బండిలో ఒక్కసారిగా ఎక్సలేటర్ కొట్టి వదిలేయండి. కొట్టగానే 0.8 దాటాలి, వదలగానే 0.2 కిందికి రావాలి. రెండువైపులా చకచకా వెళ్లొస్తే సెన్సార్ బతికే ఉంది, దాన్ని మార్చే పని లేదు. బద్ధకంగా, మెట్లు ఎక్కినట్టు కదిలితే అప్పుడు సెన్సార్ మీద అనుమానం పడొచ్చు. స్కానర్‌లో పి0133 అనే లోపం కోడ్ వచ్చేది కూడా ఈ బద్ధకానికే.

ఐదో అడుగు: ట్రిమ్ చూడండి, అసలు నిష్పత్తి ఇక్కడుంది

యాప్‌లో షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు శాతాలు కనిపిస్తాయి. షార్ట్ టర్మ్ అనేది ఈ క్షణంలో ఈసీయూ చేస్తున్న దిద్దుబాటు, నిలకడ లేకుండా అటూ ఇటూ ఊగుతుంది. లాంగ్ టర్మ్ అనేది ఆ ఊగిసలాట నుంచి నేర్చుకుని మనసులో పెట్టుకున్నది, నెమ్మదిగా మారుతుంది. ప్లస్ అంటే పట్టికలో ఉన్నదానికంటే పెట్రోలు ఎక్కువ కొడుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది.

ఈ రెండూ కూడండి. షార్ట్ టర్మ్ సగటున +5, లాంగ్ టర్మ్ +10 అనుకుందాం. మొత్తం +15. అంటే ఈసీయూ 15 శాతం అదనంగా కొడితే గాని ల్యాంబ్డా 1 రావడం లేదు. ఈ దిద్దుబాటే లేకపోతే బండి ల్యాంబ్డా 1.15 దగ్గర, పాత లెక్కలో చెప్పాలంటే 16.9:1 దగ్గర నడిచేది. కానీ ఇప్పుడు నడుస్తున్నది ల్యాంబ్డా 1తోనే! ఇక్కడే చాలామంది తికమక పడతారు. ట్రిమ్ +15 ఉంటే బండి లీన్‌గా నడుస్తోందని కాదు. లీన్ చేసే జబ్బు ఒకటి ఉంది, ఈసీయూ దాన్ని మోస్తోంది అని అర్థం. దిద్దుబాటు హద్దు దాటి మోయలేకపోయినప్పుడే నిజంగా లీన్ అవుతుంది, అప్పటికి పి0171 కోడ్ వచ్చేసి ఉంటుంది. రిచ్ వైపు అయితే పి0172.

మొత్తం ట్రిమ్ ప్లస్ 10కీ మైనస్ 10కీ మధ్య ఉంటే సాధారణంగా నిశ్చింతగా ఉండొచ్చు. దాటితే కారణం వెతకాలి. వెతకడానికి ఒక్క చోట తీసుకున్న రీడింగ్ చాలదు. ఐడ్లింగ్‌లో ఒకటి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి ఒకటి, లోడ్ మీద ఒకటి తీసుకోవాలి. లోడ్ అంటే నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కడం లాంటిది. శ్రీశైలం ఘాట్ అక్కర్లేదు, మీ ఊళ్లో ఫ్లైఓవర్ చాలు. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడకండి. పక్కన ఒకర్ని కూర్చోబెట్టండి, లేదా యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఇంటికొచ్చాక చూసుకోండి.

ఇప్పుడు అంకెలు చదువుదాం.

ఐడ్లింగ్‌లో +18, 2500 దగ్గర +5, లోడ్ మీద +2 వచ్చిందనుకోండి. కొలవని గాలి ఎక్కడినుంచో లోపలికి పోతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ, అందులో దొంగగాలి వాటా పెద్దది. ఎక్సలేటర్ తొక్కాక అసలు గాలి పెరిగి, ఆ వాటా చిన్నదైపోతుంది. ఎండకి పగిలిన వాక్యూమ్ పైపులు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి తెచ్చేది), బ్రేక్ బూస్టర్ పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక్కొక్కటే చూడండి.

అదే తిరగబడి ఐడ్లింగ్‌లో +2, 2500 దగ్గర +8, లోడ్ మీద +20 వస్తే గాలి సమస్య కాకపోవచ్చు, పెట్రోలు చాలడం లేదు. ఫ్యూయల్ పంపు బలహీనమైందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, ఇంజెక్టర్లు పట్టేశాయో. ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూపించండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండిలో దాని తీగకి దుమ్ము పట్టినా గాలిని తక్కువగా లెక్కేసి ఇలాంటి చిత్రమే చూపిస్తుంది. ఆ సెన్సార్‌కని అమ్మే క్లీనర్‌తో కడిగితే తేలిపోతుంది, పంపు మార్చేముందు ఇది చేసి చూడండి.

మైనస్ 15, మైనస్ 20 వస్తుంటే ఎక్కడినుంచో అదనపు పెట్రోలు చేరుతోంది. కారుతున్న ఇంజెక్టర్, మూసుకోని పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది), ఎక్కువైన ఫ్యూయల్ ప్రెషర్. పర్జ్ వాల్వ్ మీద అనుమానం ఉంటే ఇన్‌టేక్ వైపు వెళ్లే దాని పైపుని ప్లయర్‌తో మెత్తగా నొక్కి పట్టి ట్రిమ్ చూడండి, సున్నా వైపు కదిలితే దొంగ దొరికినట్టే. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి. ఆయిల్‌లో పెట్రోలు కలిసిపోయి ఆవిరై మళ్లీ ఇంజిన్‌లోకే పోతుంటుంది, చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో.

ఇక్కడ ఒక మెలిక ఉంది

దొంగగాలి గురించి పైన చెప్పింది ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండ్లకి. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అది ఉండదు, మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అది మానిఫోల్డ్‌లోని ప్రెషర్ చూసి గాలిని లెక్కేస్తుంది. పైపు పగిలి గాలి లోపలికొస్తే ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెంచేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడ్లింగ్ మాత్రం పెరిగిపోతుంది లేదా పైకీ కిందికీ ఊగుతుంది. కాబట్టి మ్యాప్ ఉన్న బండిలో ట్రిమ్ బాగుందని వాక్యూమ్ లీకు లేదనుకోవద్దు.

ఇలాంటి బండిలోనే వాల్వ్ క్లియరెన్సులు బిగుసుకుపోతే ఇంకో చిత్రం. వాక్యూమ్ తగ్గుతుంది, మ్యాప్ దాన్ని గాలి ఎక్కువైనట్టు చదువుతుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది, ట్రిమ్ మైనస్‌లోకి పోతుంది. సీఎన్‌జీ మీద ఎక్కువ తిరిగిన బండ్లలో వాల్వ్ సీట్లు అరుగుతాయి కాబట్టి ఇది చూడకుండా ఇంజెక్టర్ల మీద పడకండి.

సెన్సార్ అబద్ధం చెప్పే రెండు సందర్భాలు

నిజానికి అది అబద్ధం కాదు. ఆక్సిజన్ కనిపించింది, ఉందని చెప్పింది. ఆ ఆక్సిజన్ ఎక్కడిదో దానికి తెలియదు.

ఒకటి, సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకు. మానిఫోల్డ్ ప్యాకింగ్ కొట్టేసినా, పైపుకి సన్నటి పగులు వచ్చినా, పొగ పైకి ఉరికినప్పుడు బయటికి వస్తుంది, మరుక్షణం ఒత్తిడి తగ్గినప్పుడు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్ లీన్ అంటుంది, ఈసీయూ పాపం పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లగా మసిబారి ఉంటాయి, ట్రిమ్ మాత్రం +20 ఉంటుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు ఎగ్జాస్ట్ చూడండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ మని చప్పుడు, వేడెక్కాక తగ్గిపోతుంది. ఇదే దాని గుర్తు.

రెండు, మిస్ కొట్టడం. ఒక సిలిండర్‌లో ప్లగ్గు మండకపోతే అందులోని పెట్రోలూ గాలీ రెండూ అలాగే బయటికొస్తాయి. పెట్రోలు ఎంత ఉన్నా సెన్సార్‌కి కనిపించేది ఆక్సిజనే, కాబట్టి మళ్లీ లీన్ అంటుంది. పి0171తో పాటు పి0300 వరసలో కోడ్ ఉంటే ముందు ప్లగ్గులు, కాయిల్స్ సంగతి తేల్చండి. లీన్ కోడ్ దానంతటదే పోవచ్చు.

వైడ్‌బ్యాండ్ ఉంటే

పని తేలిక. ల్యాంబ్డా అంకె నేరుగా చదవండి. మామూలు వేగంలో 0.98–1.02 మధ్య మెల్లగా కదలాలి. న్యారోబ్యాండ్‌లా గంతులెయ్యదు, కదలడం లేదని కంగారు పడకండి. దీని పక్కనే ఈసీయూ కోరుకుంటున్న ల్యాంబ్డా, అంటే కమాండెడ్ ఈక్వివలెన్స్ రేషియో కూడా పెట్టుకుంటే అసలు విషయం బయటపడుతుంది. ఫుల్ ఎక్సలేటర్‌లో ఈసీయూ 0.88 అడిగింది, సెన్సార్ 0.98 చూపించింది అంటే పెట్రోలు అందడం లేదు. అలాంటప్పుడు బండిని గట్టిగా నడపడం ఆపేయండి. టర్బో ఇంజిన్ అయితే పిస్టన్లకే ఎసరు.

కరెంటు చూపించే యాప్ అయితే సున్నా మిల్లీయాంపులు అంటే ల్యాంబ్డా 1, ప్లస్ అంటే లీన్, మైనస్ అంటే రిచ్. టయోటా పాత ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్లలో వోల్టేజ్ కనిపిస్తే 3.3 అంటే సమానం, అంతకంటే పైకి వెళ్తే లీన్. న్యారోబ్యాండ్‌కి పూర్తిగా తిరగేసి ఉంటుంది కాబట్టి జాగ్రత్త.

బయట కొని పెట్టుకునే గేజ్ 14.7 అని చూపిస్తే అది ల్యాంబ్డాని 14.7తో గుణించి చూపిస్తోందని గుర్తుంచుకోండి. ట్యాంకులో ఈ20 ఉన్నా, సీఎన్‌జీ మీద నడుస్తున్నా సరైన మిక్చర్ దగ్గర అది 14.7 అనే చూపిస్తుంది.

ఈ20, సీఎన్‌జీ

దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరింది. పది శాతానికి లెక్కేసి తయారైన బండిలో ఈ20 పోస్తే ల్యాంబ్డా 1 కోసం ఈసీయూ సుమారు 4 శాతం ఎక్కువ కొట్టాలి. కాబట్టి 2023 ఏప్రిల్‌కి ముందు కొన్న కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ +4, +5 జరిగితే అది జబ్బు కాదు, టెన్షన్ పడకండి. ఇదివరకే +8 ఉన్న బండి +12కి వెళ్లి ఉండొచ్చు. ఆ 8 ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి, ఈ20ని తిట్టి లాభం లేదు. కార్బ్యురేటర్ బండికి సెన్సారూ లేదు, దిద్దుబాటూ లేదు, ఆ 4 శాతం నిజంగానే లీన్ అవుతుంది.

బయట వేయించిన సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్‌లో పెట్రోలు ఈసీయూయే యజమాని. అది పెట్రోలు ఇంజెక్టర్‌కి ఇచ్చే సమయాన్ని కిట్ ఈసీయూ తీసుకుని గ్యాస్‌కి మార్చి కొడుతుంది. మార్చే లెక్క తేడాగా ఉంటే ఆ తప్పంతా పెట్రోలు ఈసీయూ ట్రిమ్‌లోకి చేరిపోతుంది. గ్యాస్ మీద వారం తిరిగి పెట్రోలుకి మార్చగానే బండి కుదుపులు పెడుతోందంటే చాలావరకు ఇదే. పరీక్ష సులువు. పెట్రోలు మీద వేడెక్కించి మూడు చోట్లా ట్రిమ్ రాసుకోండి, గ్యాస్‌కి మార్చి అవే మూడు చోట్ల మళ్లీ రాయండి. తేడా 5 శాతం లోపు ఉంటే ట్యూనింగ్ బాగుంది. ఎక్కువుంటే ఆ కాగితం పట్టుకుని కిట్ వేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. "పికప్ లేదండీ" అని చెప్పడం కంటే అంకెలు చూపిస్తే పని త్వరగా అవుతుంది.

వెనక సెన్సార్

పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సార్‌ని మిక్చర్ కోసం చూడకండి. అది 0.6–0.7 దగ్గర నిలకడగా ఉండాలి. ముందు సెన్సార్‌తో పాటు అదీ గంతులేస్తుంటే కన్వర్టర్ పని అయిపోవచ్చింది, దాని కోడ్ పి0420 దారిలో ఉంది.

నిజంగా మార్చాల్సి వస్తే

హీటర్ కాలిపోయిందనో, ఎక్సలేటర్ పరీక్షలో బద్ధకంగా ఉందనో రుజువైతే మార్చండి. పాతది తీశాక మొన చూడండి. పొడి నల్లమసి ఉంటే రిచ్‌గా నడిచింది, కొత్తదీ అలాగే అవుతుంది, ముందు కారణం సరిచేయండి. తెల్లటి పూత ఉంటే సిలికాన్ సీలెంట్ గాని కూలెంట్ గాని అనుమానించాలి. ఇంజిన్ పని చేసినప్పుడు ఓ2 సెన్సార్‌కి హాని చేయనిదని రాసి ఉన్న సీలెంటే వాడమనండి.

వేడి మీద తీయడం తేలిక, కానీ చేతులు కాలతాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు సెన్సార్ సాకెట్‌తో తీయండి. కొత్తదాని మరలకి పేస్టు పూసే వస్తుంది, మొనకి తగలనివ్వకండి. కనెక్టర్‌లో గ్రీజు, డబ్ల్యూడీ40 కొట్టకూడదు. చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి, అది మూసుకుపోతే రీడింగ్ తప్పుతుంది.

ఏం బాగుచేసినా ఆఖర్న కోడ్ చెరిపేయండి. దాంతో చాలా బండ్లలో లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నాకి వస్తుంది, కాబట్టి వెంటనే చూసి బాగైందనుకోవద్దు. ఊళ్లో ట్రాఫిక్‌లోనూ హైవే మీదా కలిపి రెండు మూడు రోజులు నడపండి, ఈసీయూ మళ్లీ నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఐడ్లింగ్, 2500, లోడ్ మూడింటి దగ్గరా ట్రిమ్ రాసుకుని, పని చేయించకముందు రాసుకున్న కాగితం పక్కన పెట్టి చూడండి. మూడూ 5 శాతం లోపుకి వచ్చాయంటే మెకానిక్‌కి మిగతా డబ్బులు ఇచ్చేయొచ్చు.